సగటున మోకాలి లోతు

సావనీరుకి ఏదైనా రాయమని కమిటీ మిత్రులు అడిగినప్పుడల్లా "నాకు కథలు రావు, కవిత్వం అసలే రాదు" అని తప్పించుకుంటూ వచ్చాను. ఈసారి వాళ్ళు వదల్లేదు. "పోనీ, నీకు వచ్చిందే రాయవయ్యా" అన్నారు. నాకు వచ్చినవి రెండే. ఇంజనీరుని కాబట్టి కాస్త లెక్కలు వచ్చు. శ్రీకాకుళం జిల్లాలో, కళింగపట్నం దగ్గర పల్లెలో పుట్టాను కాబట్టి కాస్త సముద్రం తెలుసు. పొట్ట చేత పట్టుకుని 2004లో వచ్చి చేరింది కూడా మరో సముద్రం ఒడ్డుకే. ఈ రెండూ కలిపి వడ్డిస్తున్నాను. ఉప్పు ఎక్కువైతే ఆ తప్పు సముద్రానిది, నాది కాదు.

మా హైస్కూల్లో లెక్కల మాస్టారు ఒక కథ చెప్పేవారు. ఒక కరణం గారు పెళ్ళాం పిల్లలతో ప్రయాణమై వెళుతూంటే దారిలో ఏరు అడ్డొచ్చింది. ఆయన గట్టు మీద కూర్చుని, ఏటిలో అక్కడక్కడ లోతు ఎంతో పడవవాణ్ణి అడిగి, అన్నీ కూడి భాగించి, "సగటున మోకాలి లోతే, పదండి" అన్నాడు. నడి ఏటిలో లోతు నిలువెత్తు ఉంది. ఎలాగో ఒడ్డున పడ్డాక ఆయన మళ్ళీ కాగితం తీసి లెక్క సరిచూసుకున్నాడట. లెక్కలో తప్పు లేదు. మరి అందరం మునిగిపోబోయాం ఎందుకు?

క్లాసంతా నవ్వేవాళ్ళం. ఆ కరణం గారు నాలోనూ ఉన్నాడని తెలియడానికి నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది.

* * *

ముందు మన కళ్ళెదుటి సముద్రం సంగతి చూడండి. దుబాయి, షార్జా, అబూధాబి ఒడ్డున ఉన్న ఈ గల్ఫ్ సగటు లోతు సుమారు 35 మీటర్లు. అంటే ఒక పదంతస్తుల మేడ ఎత్తు. మన బంగాళాఖాతం సగటు లోతు సుమారు 2,600 మీటర్లు. దానితో పోలిస్తే ఇది తాంబాళంలో పోసిన నీళ్ళ లాంటిది. ఎండకి తొందరగా వేడెక్కుతుంది, తొందరగా ఆవిరవుతుంది. వచ్చి కలిసే నదులు తక్కువ. అందుకే మామూలు సముద్రాల్లో కిలో నీటికి 35 గ్రాముల ఉప్పు ఉంటే ఇక్కడ 40 దాకా ఉంటుంది. మన వంటింట్లో పప్పు ఉడికేది చాలావరకు ఈ నీటితోనే, ఉప్పు తీసేశాక. ఆగస్టులో ఒంటికి పట్టే జిడ్డు కూడా ఈ తాంబాళంలోంచి లేచిన ఆవిరే.

ఇంత మెత్తని సముద్రాన్ని రోజూ చూసి చూసి, సముద్రమంటే ఇంతేనన్న ధీమా మనకి తెలియకుండానే పట్టుకుంటుంది. నాకూ పట్టుకుంది.

2019 జూన్ మొదటివారంలో ఈద్ సెలవులకి నాలుగు కుటుంబాలం కలిసి ఫుజైరా వైపు వెళ్ళాం. అక్కడ ఉన్నది మన గల్ఫ్ కాదు. హోర్ముజ్ జలసంధికి ఇవతల, అరేబియా సముద్రానికి తలుపులు బార్లా తెరిచిన ఒమాన్ అఖాతం. ఒక రాళ్ళ గట్టు కనిపించింది. దాని చివర నిలబడి ఫొటో తీయించుకోవాలని మావాడు పేచీ పెట్టాడు. వాడికప్పుడు ఎనిమిదేళ్ళు. నేను బాధ్యత గల తండ్రిని కదా, పది నిమిషాలు నిలబడి కెరటాలని చూశాను. ఒక్కటీ ఫలానా రాయి దాటి రాలేదు. "ఏం ఫరవాలేదు" అని వాణ్ణి తీసుకుని ఆ రాయికి రెండడుగుల పైన నిలబడ్డాను.

ఫొటోలు అయిపోయి, కబుర్లు మొదలై, గంటన్నర గడిచి ఉంటుంది. అప్పుడొచ్చింది ఆ కెరటం. పిల్లవాణ్ణి నడుం పట్టుకుని లాగిన మిత్రుడి చెయ్యే ఆ రోజు మమ్మల్ని కాపాడింది. నా కళ్ళజోడు, వాడి చెప్పులు సముద్రంలోకి పోయాయి. ఇద్దరికీ మోకాళ్ళు చీరుకుపోయాయి. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ కారులో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మౌనం ఎలాంటిదో మీలో పెళ్ళైన వాళ్ళకి చెప్పనక్కర్లేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. సముద్ర శాస్త్రజ్ఞులు కెరటాల ఎత్తు చెప్పేటప్పుడు మామూలు సగటు చెప్పరు. కెరటాలన్నిటిలోనూ పెద్దవైన మూడో వంతును తీసుకుని, వాటి సగటు చెబుతారు. వాతావరణ సూచనలో "కెరటాలు మీటరున్నర" అంటే అర్థం అదే. అప్పుడు అన్ని కెరటాల సగటు మీటరు కూడా ఉండదు. కానీ వరసగా వెయ్యి కెరటాలు వస్తే వాటిలో అతి పెద్దది చెప్పిన ఎత్తుకి దాదాపు రెట్టింపు ఉంటుంది, అంటే మూడు మీటర్లకి కాస్త తక్కువ. ఆరేడు సెకన్లకి ఒకటి చొప్పున వెయ్యి కెరటాలు రావడానికి రెండు గంటలు కూడా పట్టదు.

ఇప్పుడు నా తెలివి చూడండి. నేను పది నిమిషాల్లో చూసినవి తొంభై కెరటాలు. నిలబడింది వెయ్యి కెరటాల సేపు. తొంభైలో పెద్దది వెయ్యిలోనూ పెద్దదే అనుకున్నాను. ఎంత ఎక్కువసేపు ఉంటే అంత పెద్ద కెరటాన్ని చూస్తాం. సముద్రం మనమీద పగబట్టి కాదు, లెక్క ప్రకారమే.

* * *

మన తెలుగువాళ్ళకి ఈ రెండు శాస్త్రాలూ కొత్తేమీ కాదు. సాంఖ్యక శాస్త్రంలో ప్రపంచమంతా తలవంచి నమస్కరించిన సి.ఆర్. రావు గారు ఎం.ఏ. గణితం చదివింది విశాఖలో, మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే. 102 ఏళ్ళు జీవించి 2023లో కన్నుమూశారు. అదే ఏడాది ఆయనకి అంతర్జాతీయ సాంఖ్యక శాస్త్ర బహుమతి కూడా దక్కింది. 1950లలో లఫాండ్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు వచ్చి సముద్ర శాస్త్రం పాఠాలు చెప్పింది కూడా ఆ విశ్వవిద్యాలయంలోనే. ఇక కెరటాల సూచనలు, చేపలు దొరికే చోట్ల సమాచారం, 2007 నుంచి సునామీ హెచ్చరికలు దేశానికి అందిస్తున్న ఇన్‌కాయిస్ సంస్థ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాదులో!

ఇంత ఉండీ, మన ఇళ్ళలో చెల్లుబాటయ్యే లెక్క మాత్రం ఒక్కటే: "నా ఎరికలో ఎప్పుడూ జరగలేదు."

2021 సెప్టెంబరు 26, ఆదివారం. గులాబ్ తుఫాను కళింగపట్నం వైపు వస్తోందని రెండు రోజులుగా టీవీలు మోగిపోతున్నాయి. మా నాన్నకి అప్పుడు 75 ఏళ్ళు. అమ్మ, ఆయన ఇద్దరే ఉంటారు, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో, పాత పెంకుటింట్లో. ఊరివాళ్ళు కొందరు తుఫాను షెల్టరుకి వెళ్ళిపోయారు. మా మేనమామ డాబా ఇల్లు నాలుగు కిలోమీటర్ల దూరంలో, మెరక మీద ఉంది. అక్కడికి వెళ్ళమని పొద్దున్నుంచి ఫోన్లు చేస్తున్నాను.

"ఒరే, డెబ్భై అయిదేళ్ళు వచ్చాయి నాకు. మన గుమ్మం దాకా ఎప్పుడైనా నీళ్ళు వచ్చాయేట్రా? నువ్వక్కడ ఏసీ గదిలో కూచుని నాకు సముద్రం సంగతి చెప్తావేటి?"

"నాన్నా, ఇప్పటిదాకా రాకపోతే ఇక రాదని కాదు కదా."

"ఇవి మహాలయ పక్షాలు. ఎల్లుండి మీ తాతయ్య తిథి. ఇల్లు ఒగ్గేసి ఎక్కడికెళ్తాను?"

తిథి మాట ఎత్తితే నా దగ్గర జవాబు లేదు. లెక్క మాట ఎత్తితే ఉంది. వందేళ్ళకి ఒకసారి వచ్చే ఉప్పెన అంటారు చూడండి, దాని అర్థం వందేళ్ళు గడిచాక వస్తుందని కాదు. ఏ సంవత్సరమైనా వచ్చే అవకాశం నూటికి ఒకటి అని. అలాంటి ఉప్పెన ముప్పు నిజంగానే ఉన్న ఊళ్ళో కూడా, ఒక మనిషి 75 ఏళ్ళు బతికి దాన్ని ఒక్కసారైనా చూడకుండా ఉండే అవకాశం నూటికి 47. దాదాపు బొమ్మా బొరుసూ. అంటే నాన్న డెబ్భై అయిదేళ్ళ అనుభవం "ఇక్కడికి నీళ్ళు రావు" అనడానికి ఒక రూపాయి బిళ్ళ ఎగరేసి చూసినంత సాక్ష్యం మాత్రమే.

డాక్టర్లు వాడే చిట్కా ఇంకొకటి ఉంది. దాన్ని మూడు సూత్రం అంటారు. ఒక మందుని ఇంతమందికి ఇచ్చాం, ఒక్కరికీ వికటించలేదు అంటే, ముప్పు సున్నా అని రాసుకోరు. మూడుని ఆ సంఖ్యతో భాగిస్తారు. ముప్పు అంతదాకా ఉండొచ్చని, నూటికి తొంభై అయిదు పాళ్ళ నమ్మకంతో చెప్పగలిగింది అంతేనని దాని భావం. మూడొందల మందికి ఏమీ కాకపోతే ముప్పు నూటికి ఒకటి దాకా ఉండొచ్చు. నాన్న 75 ఏళ్ళకి ఇదే లెక్క కడితే, మూడు బై 75, నూటికి నాలుగు. పాతికేళ్ళకి ఒకసారి వచ్చే ప్రమాదం కూడా ఆయన అనుభవం చాటున దాక్కుని ఉండొచ్చు.

దివిసీమ వాళ్ళ ఎరికలో కూడా అలాంటి ఉప్పెన లేదు. 1977 నవంబరు 19న అయిదు మీటర్లకు మించిన నీటి గోడ వచ్చింది. సర్కారు లెక్కలోనే దాదాపు పది వేల మంది పోయారు.

ఇదంతా నాన్నకి చెప్పాను. ఆయన విన్నారు. ఒప్పుకోలేదు. చివరికి పని చేసింది లెక్క కాదు, అమ్మ. "నాకు భయంగా ఉంది, నేను తమ్ముడింటికి పోతాను, మీరు వస్తే రండి, లేకపోతే లేదు" అందట. మధ్యాహ్నం మూడింటికి ఇద్దరూ ఆటో ఎక్కారు. నాన్న తాతయ్య ఫొటో చంకలో పెట్టుకుని మరీ వెళ్ళారు.

ఆ రాత్రి గులాబ్ కళింగపట్నానికి ఉత్తరంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. పౌర్ణమి వెళ్ళి అయిదారు రోజులైంది కాబట్టి పోటు జోరు తగ్గి ఉంది. అది మన అదృష్టం. పోటు బలంగా ఉన్న వేళ గాలి నీటిని ఒడ్డుకి తోస్తే సముద్రం మట్టం పెరుగుతుంది, వాన నీటితో నిండిన నది సముద్రంలోకి దిగలేక ఊళ్ళ మీదకి తిరుగుతుంది. ఆ రాత్రి మా గుమ్మం దాకా నీళ్ళు రాలేదు. పెంకులు ఎగిరిపోయాయి, కొబ్బరి చెట్టొకటి పశువుల పాక మీద పడింది, అంతే.

మర్నాడు నాన్న ఫోన్. "చూశావా? నేను చెప్పలేదూ?"

ఆయన ఆ ఫలితాన్ని తన గెలుపు ఖాతాలో వేసుకున్నారు. నేనేమీ అనలేకపోయాను. గొడుగు పట్టుకెళ్ళిన రోజు వాన కురవకపోతే గొడుగు దండగ అనే లోకం ఇది.

ఈ కథకి ఒక కొసరు ఉంది. గులాబ్ అక్కడితో చావలేదు. తెలంగాణ మీదుగా, మహారాష్ట్ర మీదుగా బక్కచిక్కి పోతూ వెళ్ళి, గుజరాత్ దగ్గర వెచ్చని అరేబియా సముద్రంలో కాలుపెట్టి మళ్ళీ ప్రాణం పోసుకుంది. తుఫానుకి తిండి వెచ్చని నీరే. నేల మీద పస్తు, నీటి మీద విందు. అక్టోబరు 1న షహీన్ అని కొత్త పేరు పెట్టుకుని, 3వ తేదీన ఒమాన్ తీరాన్ని కొట్టింది. మా నాన్న ఇంటి పెంకులు లేపిన గాలే వారం తిరిగేసరికి నా గుమ్మం వైపు బయలుదేరిందన్నమాట! ఎమిరేట్స్‌లో తూర్పు తీరం, అల్ ఐన్ వైపు జాగ్రత్తలు చెప్పారు. షార్జాలో మాకు ఏమీ కాలేదు. "ఇక్కడికి తుఫానులు రావులే" అనుకుని నిద్రపోయాను. ఎవరు అనుకున్నారో గమనించారా? నాన్నకి గంటసేపు పాఠం చెప్పిన పెద్దమనిషే.

* * *

2024లో ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. మా మిత్రబృందం పంచాంగ శ్రవణం పెట్టుకుంది. సముద్రంలో ఇన్ని భాగాల వర్షం, కొండల మీద ఇన్ని భాగాలు, భూమి మీద ఇన్ని భాగాలు అని చదువుతూంటే, "ఎడారి వాటా ఎంతండీ?" అని వెనక నుంచి అడిగి అందర్నీ నవ్వించింది నేనే.

సరిగ్గా వారానికి, ఏప్రిల్ 16న, ఎడారి వాటా వచ్చేసింది. దుబాయిలో ఏడాది సగటు వర్షం వంద మిల్లీమీటర్ల లోపే. అంతకు మించి ఒక్క రోజులో కురిసింది. అల్ ఐన్ ప్రాంతంలో ఖత్మ్ అల్ షక్లా అనే చోట 24 గంటల్లోపు 254.8 మిల్లీమీటర్లు పడింది. ఈ దేశంలో వర్షం లెక్కలు మొదలైన 1949 నుంచి ఎన్నడూ ఎరగని వాన. 1949 నుంచి 2024 అంటే ఎన్నేళ్ళు? 75. మా నాన్న పెట్టిన లెక్కే!

హెచ్చరిక లేక కాదు. వాతావరణ కేంద్రం ముందే చెప్పింది. బడులు ఇంటి నుంచే అన్నారు. పై అంతస్తులో ఉండే మలయాళీ మిత్రుడు ముందురోజు రాత్రి తలుపు కొట్టి, "కారు సెల్లారులోంచి తీసి మెరక మీద పెడుతున్నా, నువ్వూ రా" అన్నాడు. "ఇరవై ఏళ్ళ నుంచి ఉంటున్నాను, ఈ సెల్లారులో చుక్క నీరు చూడలేదు" అన్నాను. సాంబారు కలిపిన అన్నం ముందుంది. లేవబుద్ధి కాలేదు.

మూడు బై ఇరవై, నూటికి పదిహేను. (ఇంత చిన్న అంకెలకి ఈ సూత్రం కాస్త ఎక్కువే చూపుతుంది. పోనీ పధ్నాలుగు అనుకోండి.) ఆ లెక్క వేసే సాధనం నా తలలోనే ఉంది. బయటికి తీయలేదు. పైగా ఆ ఇరవై ఏళ్ళూ ఇప్పటి ఏళ్ళలాంటివేనన్న హామీ కూడా లేదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. అంటే సంచీలోంచి గోలీలు తీసి లెక్కపెడుతూండగానే ఎవరో సంచీలో గోలీలు మారుస్తున్నారన్నమాట.

16 సాయంత్రానికి సెల్లారు మెట్ల మీద నిలబడితే నా కారు పైకప్పు మాత్రం కనబడింది. కారు పోతే ఇన్సూరెన్సు ఉంది. అక్కడి స్టోరు గదిలో ఒక ట్రంకుపెట్టె ఉంది. అందులో మా పెళ్ళి ఆల్బములు, మావాడి చిన్నప్పటి ఫొటోలు, చనిపోయిన మా అత్తగారు మా ఆవిడకి రాసిన ఉత్తరాలు. మోటార్లు పెట్టి నీళ్ళు తోడి, అయిదో రోజున పెట్టె పైకి తెస్తే ఉత్తరాల్లో సిరా అంతా కరిగి కాగితాలు నీలంగా ఉన్నాయి. మా ఆవిడ వాటిని ఒక్కొక్కటిగా విడదీసి బట్టలు ఆరేసే దండెం మీద ఆరేసింది. ఒక్క ముక్క చదవడానికి రాలేదు. ఫుజైరా నుంచి వచ్చేటప్పటి మౌనం దీని ముందు ఎంత?

ఆ రాత్రి నాన్న ఫోన్ చేశారు. ఎగతాళి చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. అంతా విని, "ఒరే, ఆ మూడు సూత్రమేదో చెప్పావు కదా ఆ రోజు. అది నీకు పని చెయ్యదేట్రా?" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అడిగారు.

* * *

లెక్క రాకపోవడం వేరు, వచ్చిన లెక్క మన ఇంటికి వర్తించదనుకోవడం వేరు. ఈ రెండో జబ్బు చదువుకున్న వాళ్ళకే ఎక్కువ. అందుకే ఇప్పుడు మా ఇంట్లో మూడు నియమాలు పెట్టుకున్నాం. ఫ్రిజ్ తలుపు మీద మావాడి చేతే రాయించాను.

ఒకటి. ఎవరైనా సగటు చెబితే, "మరి అతి ఎక్కువ ఎంత?" అని అడగాలి. ఏటి లోతైనా, కెరటమైనా, నెల ఖర్చైనా సరే.

రెండు. "ఎప్పుడూ జరగలేదు" అనే మాట నోట్లోంచి రాగానే, ఎన్నిసార్లు చూసి ఆ మాట అంటున్నామో లెక్కపెట్టి, దానితో మూడుని భాగించాలి. నలభైసార్లు ఫోన్ చూస్తూ కారు నడిపాను, ఏమీ కాలేదనే కుర్రాడికి జవాబు నూటికి ఏడున్నర దాకా. ఆ పాళ్ళలో ప్రమాదమంటే ఎవరూ కారెక్కరు.

మూడు. జాగ్రత్త పడితే అయ్యే ఖర్చెంత, పడకపోతే పోయేదెంత అని పక్కపక్కన రాసి చూడాలి. నాన్నకి అది ఒక రాత్రి బావమరిది ఇంట్లో పడక. నాకు చల్లారిపోయే ఒక కంచం అన్నం.

నిరుడు సెలవుకి వెళ్ళినప్పుడు నాన్న నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్ళి చూపించారు. పశువుల కొత్త పాకకి మూడడుగుల ఎత్తున రాతి పునాది కట్టించారు. "ఎందుకు నాన్నా ఇంత ఎత్తు? మన గుమ్మం దాకా ఎప్పుడూ నీళ్ళు రాలేదు కదా?" అన్నాను నవ్వుతూ.

"రాలేదు లేరా. రాలేదని చెప్పే ఆవులేవీ నాకంటే పెద్దవి కావు కదా!" అన్నారు.

ఈ ఉగాది పచ్చడిలో చేదు మీ వాటాకి సగటు కన్నా తక్కువే రావాలని, తీపి సగటు కన్నా ఎక్కువ రావాలని కోరుకుంటున్నాను. అందరికీ అలా రావడం లెక్క ప్రకారం కుదరదని నాకు తెలుసు. అయినా పండగ పూట శుభాకాంక్షలకి లెక్కలేమిటండీ!